పెద్ద ముక్కోణం నడిమధ్య

పగ పట్టడం పాములకే చేతనవుతుందన్నవాళ్ళు నన్ను చూసి ఉండరు. నాకు కోపమొస్తే అరుస్తాను, అరిచాక చల్లబడతాను. ఇంట్లోవాళ్ళకీ, ఆఫీసులోవాళ్ళకీ అది అలవాటే. మా తమ్ముడి విషయంలో మాత్రం నేను అరవలేదు. అరవలేదు కాబట్టి చల్లబడనూ లేదు. ఆ మంటని పొయ్యిలో నిప్పు దాచినట్టు బూడిద కప్పి దాచుకున్నాను.

ముందు నా పనేంటో చెప్తాను. అది తెలియకపోతే వాడికి అన్యాయం చేసిన మనిషి నా చేతికెలా చిక్కాడో అర్థం కాదు.

విమానం ఒకటి గాల్లో తిరుగుతూ కిందికి లేజర్ కొడుతుంది. అది నేలకి తగిలి వెనక్కొస్తుంది. తగిలిన చోటల్లా ఒక పాయింటు, ఆ పాయింటుకో ఎత్తు. ఆవాల డబ్బా ఒలికినట్టు నా స్క్రీన్ నిండా పాయింట్లే. చెట్లకీ పొదలకీ ఇంటికప్పులకీ తగిలినవి ఏరి పారేసి, నేలకి తగిలినవి మాత్రమే ఉంచుతాను. మిగిలినవాటిలో పక్కపక్కనున్న మూడేసి పాయింట్లని గీతలతో కలుపుకుంటూ పోతే నేలంతా ముక్కోణాలైపోతుంది. ఆ ముక్కోణాల మీద చదరపు గళ్ళు పరుస్తాం. ఏ గడి ఏ ముక్కోణం మీద పడిందో చూసి, అక్కడి ఎత్తుని ఆ గడిలో నింపుతుంది కంప్యూటరు. ఇంజనీర్లు ఆ గళ్ళ నేలని చూసుకునే రోడ్లేస్తారు, గోడలు లేపుతారు. ఆఫీసులో నన్ను ముక్కోణాలక్క అంటారు. ఆ పేరు పెట్టింది మా తమ్ముడే, వెధవ.

పాయింట్లు దగ్గరగా ఉన్నచోట ముక్కోణాలు చిన్నవిగా, బుద్ధిగా ఉంటాయి. నీళ్ళున్నచోటా, చెట్లు మరీ దట్టంగా ఉన్నచోటా లేజర్ నేల దాకా దిగదు. అక్కడ ఖాళీ. కంప్యూటరుకి ఖాళీ అంటే ఏంటో తెలియదు పాపం. ఈ గట్టు మీది పాయింటుని ఆ గట్టు మీది పాయింటుకి కలిపేసి, మధ్యలో లోయే ఉన్నా సరే, దుప్పటి బిగించి కట్టినట్టు ఒక పెద్ద ముక్కోణం గీసి పారేస్తుంది. చూడ్డానికి ఎంత చదునుగా ఉంటుందో! ఒట్టి అబద్ధం. అందుకే ముక్కోణం భుజం ఇంతకి మించకూడదని ఒక హద్దు పెడతాను. మించినచోట మ్యాపు తెల్లగా మిగిలిపోతుంది. ఇక్కడేముందో మాకు తెలియదు బాబూ అని ఒప్పుకోవడమన్నమాట.

ఆ తెలుపంటే మా ఇస్త్రీ సారుకి ఒళ్ళుమంట. ఆయన మా ఆఫీసుకి పెద్ద. ఆయన చొక్కాకి మడత ఉండకూడదు, ప్యాంటు గీత చెదరకూడదు, మ్యాపుకి చిల్లుండకూడదు. మనిషి పొట్టి, మాట పొడుగు. ఆ పేరు ఆయన వెనక అందరూ అనేదే, ముందు మాత్రం సార్, సార్.

మా తమ్ముడు ఫీల్డు మనిషి. పొడుగ్గా, సన్నగా ఉండి, కొనకి జీపీఎస్ బిగించిన కొలకర్ర పట్టుకుని నీళ్ళలోనైనా బురదలోనైనా నిలబడిపోతాడని వాణ్ణి కొంగ అనేవాళ్ళు. వాడికో అలవాటుండేది. మ్యాపు బయటికి పంపేముందు నా వెనక్కొచ్చి నిలబడి, "అక్కా, అన్నిటికన్నా పెద్ద ముక్కోణమేదో చూపించు," అనేవాడు. చూపించేదాన్ని. ముళ్ళైనా మురికైనా సరిగ్గా దాని నడిమధ్యకి వెళ్ళి, కర్ర దింపి, ఫోన్ చేసేవాడు.

"అక్కా, నిలబడ్డాను. ఎత్తు రాసుకో."

ఆ ఒక్క పాయింటు వేయగానే పెద్ద ముక్కోణం మూడు ముక్కలయ్యేది. తర్వాత దానికన్నా చిన్నదాని దగ్గరికెళ్ళేవాడు. అబద్ధం అలా ముక్కలవుతూ తగ్గిపోయేది. పోనుపోను అదే ఆఫీసు పద్ధతైపోయింది: పెద్ద ముక్కోణం నడుమ ఎవరో ఒకరు నిలబడందే మ్యాపు గడప దాటకూడదు.

కొండమీద రోడ్డు పనొచ్చినప్పుడు ఆ పద్ధతిని తుంగలో తొక్కింది ఇస్త్రీ సారే. చెట్లు కమ్మేసిన లోయ ఒకటుంది అందులో. నేను తెల్లగా వదిలాను. తమ్ముడు బూట్లేసుకుని, కర్ర భుజానేసుకుని తయారయ్యాడు కూడా.

"వానలో ఎక్కడికయ్యా? వెళ్ళక్కర్లేదు, కూచో," అన్నాడాయన. నన్ను కుర్చీలోంచి లేపి తనే కూచున్నాడు. "చిల్లుల దుప్పటి ఎవడు కప్పుకుంటాడమ్మా?" అంటూ నేను పెట్టిన హద్దు ఎత్తేశాడు. లోయ మీద ముక్కోణాలు బిగుసుకున్నాయి. తెల్లదనం పోయింది, మ్యాపు నున్నగా తయారైంది. సంతకం పెట్టి పంపించేశాడు.

లేని నేల మీద మట్టిపోసి రోడ్డేశారు. మొదటి పెద్ద వానకే గట్టు జారింది. పైనున్న రోలరు జారింది, దాని మీదున్న డ్రైవరూ జారాడు. ప్రాణం దక్కింది గానీ, కాలు ఇప్పటికీ ఈడ్చుకునే నడుస్తాడు.

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దలు కూచున్నారు. మధ్యలో కూచున్నావిడ ఇంజనీరమ్మ, తెల్లజుట్టు, సూటి చూపు. ఆవిడ ముందు మా ఇస్త్రీ సారు గుండెమీద చెయ్యేసుకుని ఏమన్నాడో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా ఆఫీసులో ఒక పద్ధతుందండీ. నేను సంతకం పెట్టే ప్రతి మ్యాపుకీ పెద్ద ముక్కోణం నడుమ నేనే స్వయంగా వెళ్ళి నిలబడొస్తాను. ఈ కొండ పనొక్కటే ఈ అబ్బాయిని నమ్మి వదిలాను. వెళ్ళమన్నాను, వెళ్ళకుండానే వెళ్ళానన్నాడు."

అయ్యబాబోయ్! ఆయన జీవితంలో ముక్కోణం నడుమ కాదు కదా, ఆఫీసు పచ్చిక మీద కూడా నిలబడలేదు. నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. "మీరు అక్కగారు కదా," అన్నాడు పెద్దల్లో ఒకాయన, జాలిగా. అక్కనైతే నా కళ్ళు పోతాయా? ఇంజనీరమ్మ మా తమ్ముడి వైపు చూసి, "ఇంత చిన్న పని చేయలేకపోయావా?" అంది. వాడు తల దించుకున్నాడు. వాడి సర్వే లైసెన్సు రద్దు చేశారు.

ఇప్పుడు మా తమ్ముడు ఒక పరదాల కొట్లో పనిచేస్తున్నాడు. ఇంటింటికీ వెళ్ళి కిటికీలు కొలుస్తాడు. కొండలు కొలిచినవాడు! ఆ డ్రైవరుని చూసొద్దామని పళ్ళు పట్టుకుని వెళితే, అతను గోడవైపు తిరిగి పడుకున్నాడట. పళ్ళసంచి అలాగే వెనక్కొచ్చింది. ఎవరం ముట్టుకోలేదు, బల్లమీదే మగ్గిపోయాయి. ఆ వాసన ముక్కుకి తగిలినప్పుడల్లా నాలో బూడిద కింద నిప్పు కదిలేది.

"ఇంకా అక్కడే ఎందుకక్కా, మానెయ్," అనేవాడు తమ్ముడు.

"మానేస్తే ఆ ఇస్త్రీవాణ్ణి కనిపెట్టి ఉండేదెవరు?" అనేదాన్ని. నాకు ఆయన ఉద్యోగం పోవడం అక్కర్లేదు, ఆయన పరువు పోయినా నాకొరిగేదేం లేదు. అక్కడ, ఆవిడ ముందు, ఆ నోటితో అన్న మాట ఆ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. మా తమ్ముడు వెళ్తానన్నాడని ఆయనే చెప్పాలి. అదొక్కటే నాకు కావాల్సింది. ఆయనకి టీ అందిస్తున్నప్పుడు కూడా అదే అనుకునేదాన్ని.

అదనంటూ ఒకటి వస్తుంది కదా, వచ్చింది. ఊరి చివర కొత్త బడి కట్టాలని స్థలం కొలిచే పని మా ఆఫీసుకి దక్కింది. కట్టించేది ఎవరనుకున్నారు? ఆ ఇంజనీరమ్మే.

పాయింట్లొచ్చాయి. ఏరాను, కలిపాను. స్థలానికి ఓ పక్క, సరిగ్గా ఆటస్థలం రావాల్సినచోట, ఖాళీ. పైనుంచి తీసిన ఫొటోలో పచ్చగా, తివాచీ పరిచినట్టుంది. ఆ పచ్చదనానికి తగిలిన పాయింట్లన్నీ ఆకులవే. వాటిని తీసేస్తే కింద ఒక్కటంటే ఒక్క నేల పాయింటు లేదు. ఇన్నేళ్ళ పనిలో నా కళ్ళకి ఆ మాత్రం తెలుస్తుంది, అది పచ్చిక కాదు. హద్దు ఉంచి తెల్లగా వదిలాను.

ఇస్త్రీ సారు వచ్చి నా భుజం మీంచి చూశాడు. నాలుక చప్పరించాడు.

"మళ్ళీ మొదలెట్టావా చిల్లులు? పచ్చిక కనబడట్లా?"

"ఎవరైనా వెళ్ళి నిలబడొస్తే మంచిది సార్," అన్నాను. ఒక్కసారే అడిగాను. పగలో కూడా న్యాయముండాలి కదా.

"అవసరం లేదు. చిల్లుల దుప్పటి ఎవడు కప్పుకుంటాడమ్మా?" అన్నాడు. అదే మాట, అదే నవ్వు! అప్పుడు ఒక మనిషి కాలు పోయినా ఆ మాట అరగలేదు, చెక్కుచెదరలేదు. నన్ను లేపి నా కుర్చీలోనే కూచుని, నా హద్దే ఎత్తేశాడు. ఆ ఖాళీ మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒక పెద్ద ముక్కోణం పడింది. గళ్ళు నిండిపోయాయి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అయినా అరవలేదు.

"సరే సార్," అన్నాను.

ఆయన అనుమానంగా చూశాడు. నేను సరే అనడం ఆయనెప్పుడూ వినలేదు మరి.

ఆ వారం సెలవురోజున నేనొక్కదాన్నే బయటికెళ్ళి, సాయంత్రానికి ఒళ్ళంతా బురదతో ఇంటికొచ్చాను. మరదలు గుమ్మంలోనే ఆపేసింది. మా తమ్ముడి పెళ్ళానికి నోరు ఎక్కువ, ప్రేమ అంతకన్నా ఎక్కువ.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నువ్వు కాలొక్కటీ కడిగితే సరిపోదు వదినా, నిన్నంతా నానబెట్టాలి! ఎక్కడ పడ్డావ్?"

"పనుండి వెళ్ళానమ్మా, జారాను."

"ఈ వయసులో నీకు బురదలో పనేంటి?" అంటూ బకెట్టు తెచ్చి గుమ్మం ముందే గుమ్మరించింది. తమ్ముడు లోపల పరదా కొలతలు రాసుకుంటూ తలెత్తి చూశాడు. నా చెప్పులకంటిన మట్టి కేసి కాసేపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

తర్వాత ఇస్త్రీ సారు దగ్గరికెళ్ళి పాలల్లో తేనె కలిపినట్టు మాట్లాడాను. "సార్, మ్యాపు ఆఫీసులో ఇచ్చేకన్నా స్థలం మీదే ఇస్తే బాగుంటుందేమో. ఇంజనీరమ్మకి గౌరవంగా ఉంటుంది. ఫొటోలు కూడా బాగా వస్తాయి." ఫొటోలనేసరికి ఆయన మొహం వెలిగింది. ఎర వేసేటప్పుడు చేపకేమిష్టమో తెలియాలి.

మ్యాపు ఇవ్వాల్సిన పొద్దున ఎండ చక్కగా కాసింది. స్థలంలో కుర్చీలేశారు. ఇంజనీరమ్మ వచ్చింది, ఆవిడ వెంట ఆఫీసువాళ్ళూ, తాపీమేస్త్రీలూ, ఆ చుట్టుపక్కల జనం కొందరూ. ఇస్త్రీ సారు తెల్లచొక్కా, నల్లబూట్లు, ఆ బూట్లలో మొహం చూసుకోవచ్చు. నేను మా తమ్ముడి కొలకర్ర తెచ్చుకున్నాను. అటకమీంచి దించుతుంటే మరదలు, "దాన్నెందుకు?" అంది. "దుమ్ము దులుపుదామని," అన్నాను.

ఆయన తన ట్యాబ్‌లో మ్యాపు చూపిస్తూ ఉపన్యాసం అందుకున్నాడు. "చూశారా మేడమ్, ఎక్కడా ఒక్క చిల్లు లేదు. ఇక్కడినుంచి అక్కడిదాకా చదును. పిల్లలు హాయిగా పరిగెత్తొచ్చు. సంతకం నాదే."

చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక నేను ముందుకొచ్చాను.

"మేడమ్, నేను గుర్తున్నానా? కొండరోడ్డు విచారణలో అక్కగార్ని."

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "గుర్తున్నారు."

"ఆ రోజు సారు ఒక మాటన్నారు. తను సంతకం పెట్టే ప్రతి మ్యాపుకీ పెద్ద ముక్కోణం నడుమ తనే వెళ్ళి నిలబడొస్తానని. మా తమ్ముడి లైసెన్సు ఆ మాట మీదే పోయింది. ఈ మ్యాపులో పెద్ద ముక్కోణం అదిగో, ఆ పచ్చగా కనబడుతున్నచోట. మరి నిలబడ్డారో లేదో, మీరే అడగండి."

ఇస్త్రీ సారు నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. నిలబడలేదంటే విచారణలో చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. నిలబడ్డానంటే చూపించమంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి నిజంగానే ఉందని మాత్రం ఆయనకి తెలియదు.

"నిలబడ్డారా?" అంది ఇంజనీరమ్మ.

"అదీ... అంటే..." చుట్టూ చూశాడు, అందరూ తననే చూస్తున్నారు. "ఆహా, నిలబడకుండా ఎలా మేడమ్? పద్ధతంటే పద్ధతే. నిలబడ్డాను."

"అయితే పదండి, చూపించండి. మా పిల్లలు ఆడేది అక్కడే."

నడిచాడు. ట్యాబ్‌లో కళ్ళు పెట్టి, గీసుకున్న గీత మీద నడిచినట్టు నడిచాడు. ఆయన వెనక నేను, కర్రతో. నా వెనక ఇంజనీరమ్మ, జనం. దగ్గరికెళ్ళేసరికి నేల మెత్తబడింది. ఆయన బూటు చిత్తడిలో పచక్కుమంది. ఒక్కక్షణం ఆగి వెనక్కి తిరిగి నావైపు చూశాడు. అప్పుడు చెప్పొచ్చు ఆయన. నాకు తెలియదు మేడమ్, నేనెప్పుడూ రాలేదు అని ఒక్క మాటంటే చాలు, ఆగిపోవచ్చు. నేను కర్ర దించి, నోరు తెరవకుండా చూస్తూ నిలబడ్డాను.

"ఇంకొంచెం ముందుకండీ, నడిమధ్య అన్నారు కదా," అంది ఇంజనీరమ్మ వెనకనుంచి.

అడుగేశాడు.

అది ఒకప్పుడు ఇటుకలకి మట్టి తవ్విన గొయ్యి. అంచు గోడలా నిట్టనిలువునా దిగుతుంది. అందులో నీళ్ళు నిండి, నీళ్ళ మీద ఆకులు అల్లుకుపోయి, ఆకుల మీద గడ్డి మొలిచింది. ఆయన కాలి కింద ఆ తివాచీ చిరిగింది. బుడుంగుమన్న చప్పుడు, ఒక కేక. ట్యాబు గట్టుమీద పడింది, ఆయన గొయ్యిలో పడ్డాడు. ఇస్త్రీ చొక్కా మెడదాకా నల్లటి బురద. చేతులు రెండూ కొట్టుకుంటూ, "పోయాను! లాగండి! నాకు ఈత రాదు!" అని ఒకటే అరుపు.

జనం ముందుకురికారు. అందరికన్నా దగ్గర నేనే. గట్టుమీద బోర్లా పడుకుని కర్ర చాపాను.

"పట్టుకోండి సార్."

రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకుని లాగమన్నట్టు నావైపు చూశాడు. నేను లాగలేదు. పక్కన పడున్న ట్యాబ్ వైపు చూశాను. అందులో మేమున్నచోట చిన్న నీలం చుక్క వెలుగుతోంది.

"సార్, మ్యాపు ప్రకారం మీరిప్పుడు ఎండునేల మీద నిలబడున్నారు."

వెనక ఎవరో మేస్త్రీ ఫక్కుమన్నాడు, వెంటనే నోరు మూసుకున్నాడు.

"లాగమ్మా! నీకు దణ్ణం పెడతాను!"

"దణ్ణాలొద్దు సార్, ఒక్క మాట చాలు. కొండరోడ్డప్పుడు మా తమ్ముడు వెళ్తానన్నాడా, లేదా?"

బురదలో ఇంకాస్త దిగినట్టనిపించిందేమో, ఆయన కర్రని ఛాతీకి హత్తుకున్నాడు. ఆ రోజు విచారణ గదిలో మా తమ్ముడు తల దించుకున్న తీరు నా కళ్ళముందే ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ మనిషిని అలా చూస్తుంటే నాకు సంతోషమే కలిగింది. జాలి ఎక్కడా దొరకలేదు.

"అన్నాడు," అన్నాడు చివరికి, గొణుగుతున్నట్టు.

"మేడమ్‌కి వినబడలేదు సార్."

"వెళ్తానన్నాడు! బూట్లేసుకుని బయల్దేరాడు కూడా! నేనే వద్దన్నాను! హద్దు ఎత్తేసింది నేనే! ఇక్కడికి కూడా ఎప్పుడూ రాలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు! చాలా? లాగు తల్లీ!"

లాగాను. మేస్త్రీలు కూడా ఓ చెయ్యేశారు. బయటికొచ్చి గట్టుమీద కూలబడ్డాడు, ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. ఇంజనీరమ్మ ఆయన వైపు కాకుండా నావైపు తిరిగింది. తెల్లజుట్టు గాలికి చెదిరింది.

"ఆ రోజు మీరు చెప్పింది నేను వినలేదు," అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "లేవండి, తడిబట్టలతోనే పదండి మా ఆఫీసుకి. ఇప్పుడన్న మాట మళ్ళీ అక్కడ కూచుని అందురుగాని," అంది. ఆయన తేలుకుట్టిన దొంగలా ఒంటిబూటుతో ఆవిడ వెనక నడిచాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. మరదలు నవ్వి నవ్వి గోడకి చేరగిలబడింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. చేతిలో టేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచున్నాడు.

"అక్కా, మనిషి పోయుంటే?" అన్నాడు. వాడి గొంతులో కోపం విన్నాను, చాన్నాళ్ళ తర్వాత. "లోతెంతో తెలియనిచోటికి మనిషిని పంపిస్తావా? ఆయన చేసిందీ అదే కదా!"

"ఒరేయ్," అన్నాను, "నేనెవరి అక్కనిరా? నడిమధ్యకి వెళ్ళి నిలబడకుండా ఎవణ్ణైనా పంపిస్తానా?"

వాడు నన్ను చూశాడు. గుమ్మం వైపు చూశాడు, ఆ రోజు బకెట్టు గుమ్మరించినచోటికి. మరదలు నవ్వాపేసింది.

"ఆ సెలవురోజా?" అన్నాడు.

"మరేంటి? నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస గట్టుమీది చెట్టుకి ముడేసి, అంచునుంచి నడుమదాకా వెళ్ళొచ్చాను. అడుగున గట్టి బంకమట్టి, కూరుకుపోయేది కాదు."

"నీకెంతదాకా వచ్చింది?"

"రొమ్ముదాకా."

వాడు కాసేపు లెక్కేసుకున్నాడు. నా తలవైపు చూసి, గాల్లో చేత్తో ఒక ఎత్తు పెట్టి, దానికింద ఇంకో ఎత్తు పెట్టాడు.

"అక్కా, ఆయన నీకన్నా పొట్టి."

"తెలుసురా. మెడదాకా వస్తుందని లెక్కేసే పంపాను."

మా తమ్ముడు నవ్వాడు. పరదాల కొట్లో చేరాక అలా నవ్వడం చూడలేదు. నవ్వుతూ నవ్వుతూ మొహం చేతుల్లో దాచుకున్నాడు, భుజాలు అదిరాయి. మరదలు నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళిపోయింది.

విచారణ మళ్ళీ జరిగింది. ఈసారి నన్ను అక్కగారని ఎవరూ అనలేదు. లైసెన్సు తిరిగొచ్చిన రోజు తమ్ముడు ముందు పళ్ళసంచితో రోలరు డ్రైవరు ఇంటికెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు గానీ, సంచి ఖాళీగా తిరిగొచ్చింది. ఇస్త్రీ సారు ఇప్పుడు ఏ ఆఫీసులోనూ లేడు. ఎక్కడున్నా, ఆ పొద్దున గొంతుదాకా వచ్చిన చలి ఆయనకి జన్మంతా గుర్తుండాలని నా కోరిక. మంచిదాన్ని కాదంటారా? అనుకోండి.

బడి మ్యాపు మళ్ళీ నా చేతికే వచ్చింది. హద్దు తిరిగి పెట్టడానికి ముందు ఆ పెద్ద ముక్కోణాన్ని స్క్రీన్ మీద అలాగే ఉంచి కూచున్నాను. ఫోన్ మోగింది.

"అక్కా..." అన్నాడు తమ్ముడు, ఆగాడు. నీళ్ళ చప్పుడు వినబడింది. "ఆగాగు, కాలికేదో తగిలింది. బూటు! నల్లది, ఖరీదైంది."

"దాన్ని తీసి అవతల పారెయ్యరా. దానిమీద కర్ర దింపితే ఎత్తు తప్పొస్తుంది."

అవతల ఏదో గట్టుమీద పడ్డ చప్పుడైంది. వాడి నవ్వు వినబడింది. నేను వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని ఎదురుచూశాను.

"అక్కా, నిలబడ్డాను. ఎత్తు రాసుకో."

రాసుకున్నాను. కళ్ళు మసకబారి అంకె సరిగ్గా కనబడక, ఇంకోసారి చెప్పించుకుని మరీ రాసుకున్నాను. స్క్రీన్ మీద పెద్ద ముక్కోణం మూడు ముక్కలైంది.